కల్లూరు దాటితే లాగే బండి

2005 ఎండాకాలంలో నన్ను కడప బ్రాంచి నుంచి కర్నూలు వర్క్‌షాపుకు వర్క్స్ మేనేజరుగా మార్చారు. కార్లు, చిన్న జీపులు అమ్మే ఒక డీలరు గారి సర్వీసు విభాగం అది. పేరుకు వర్క్స్ మేనేజరే గానీ, చేసే పని పంచాయితీ పెద్దది. కస్టమరు ఒకటి చెబుతాడు, సర్వీస్ అడ్వైజరు ఇంకొకటి రాసుకుంటాడు, మెకానిక్కు మూడోది విప్పుతాడు. ఈ ముగ్గురి మధ్య నిలబడి బండికి అసలు జబ్బేమిటో తేల్చడం నా వంతు. ఉద్యోగమంతా అదే చేశాను కాబట్టి, ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా నడుం నొప్పి అంటే ‘ఎంత వేగంలో వస్తోంది?’ అని అడుగుతానని మా ఆవిడ నలుగురిలో చెప్పి నవ్వుతుంటుంది.

వర్క్‌షాపులో ఒక బండి నిలిపి పనిచేసే జాగాను బే అంటారు. ఒక్కో బేకు ఒక్కో రకం పని. వెనక గోడ మూలన ఉన్న బే స్టీరింగు, సస్పెన్షనుది. దానికి ఏలిక మాబు. మనిషి భారీ. అతను కూర్చుంటే ముక్కాలిపీట మూలిగేది. బండి కింద దూరడానికి అతనికి మిగతావాళ్ళకంటే ఒక జానెడు ఎత్తు ఎక్కువ లేపాల్సి వచ్చేది. పనిలో మాత్రం ఘటికుడు. ఒక్కటే లోపం, ‘నాకు తెలియదు’ అనే మాట అతని నోట పుట్టదు. తెలియనప్పుడు రోడ్డును తిట్టేవాడు.

ఈ విభాగం గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. స్టీరింగు తిప్పితే చక్రం తిరగాలి, తిప్పకపోతే తిరగకూడదు. మొదటి సగం ఏ బండైనా చేస్తుంది. రెండో సగం కోసమే మా జీతాలు. టై రాడ్ ఎండ్ అనే కీలు వదులైనా, లోయర్ ఆర్మ్ బుష్షులనే రబ్బరు తొడుగులు నలిగినా, బాల్ జాయింటు అరిగినా, టైర్లలో గాలి తేడా వచ్చినా బండి తనంతట తాను ఒక పక్కకు పోతుంది. ‘లాగుతోంది’ అనే ఆ ఒక్క మాట వెనక ఇంతమంది అనుమానితులు ఉంటారు. పోలీసుల మాదిరి అందరినీ వరసగా లోపలేసి, ఒక్కొక్కరినీ వదిలేస్తూ రావాలి.

బేతంచెర్ల నాగభూషణం శెట్టిగారి బండి వచ్చింది నేను చేరిన కొత్తలోనే. ఆయనకు నాపరాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. జీపు కంటే మెత్తగా, కారు కంటే ఎత్తుగా ఉండే చిన్న ఎస్‌యూవీ ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నారు. అప్పటికే దాని వయసు మళ్ళింది. వెనక కమాన్ కట్టలు, అంటే లారీలకుండే మాదిరి ఇనుప పట్టీల స్ప్రింగులు. ముందు టార్షన్ బార్లు, అంటే మెలి తిరుగుతూ బరువు మోసే ఇనుప కడ్డీలు. శెట్టిగారి ఫిర్యాదు ఒకటే, బండి కుడికి లాగుతోంది.

ఎడమకు లాగితే పోయేది పొలంలోకి. కుడికి లాగితే ఎదురుగా వచ్చే లారీ మీదికి. అందులోనూ బేతంచెర్ల రోడ్డంటే బండల లారీల రోడ్డు. అందుకని దీన్ని వాయిదా వేయడానికి వీల్లేదని జాబ్ కార్డు మీద ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టి మాబుకు అప్పగించాను. అతను కుడి టై రాడ్ ఎండ్ పట్టుకుని ఊపి, వదులు చూపించి, కొత్తది వేశాడు. నేను రోడ్ టెస్టుకు పోయాను. చేతులు వదిలినా బండి గీత గీసినట్టు పోయింది. శెట్టిగారి డ్రైవరు యేసురత్నాన్ని పిలిచి అప్పగించాం. యేసురత్నం పీలగా, నెమ్మదిగా ఉండే మనిషి. అడిగిందానికే జవాబు చెప్పేవాడు.

వారం తిరగకముందే బండి మళ్ళీ వచ్చింది. ఈసారి శెట్టిగారు తానే వచ్చి కూర్చున్నారు.

“మీ రిపేరు కల్లూరు దాకా శానా బాగా పని చేస్తాది సార్. ఈన్నుంచి కల్లూరు వరకు పూల మీద పోయినట్ల పోతాది. కల్లూరు దాటినామా, మళ్ళీ కుడికి లాగుతాది.”

కల్లూరు అంటే హంద్రీ నదికి అవతల, కర్నూలును అంటుకునే ఉండే ఊరు. అక్కడి నుంచి వెల్దుర్తి మీదుగా బేతంచెర్లకు దారి. ఒక ఊరి పొలిమేర దాటగానే మొదలయ్యే జబ్బు నేనెక్కడా చదవలేదు, కడపలోనూ చూడలేదు. మాబు మాత్రం వెంటనే తేల్చేశాడు. “నా చేతుల్లో తప్పు లేదు సార్. ఆడ రోడ్డే కుడికి వంగి ఉండాది. కల్లూరులోనే ఉండాది తప్పు.”

రోడ్డు ఎప్పుడూ నడిమధ్య ఎత్తుగా, ఇరుపక్కలా వాలుగా వేస్తారు, వాన నీళ్ళు నిలవకుండా. మనం ఎడమ పక్కన పోతాం కాబట్టి ఆ వాలుకు బండి పోతే గీతే ఎడమకు పోవాలి. ఈ సంగతి మాబుకు చెప్పి లాభం లేదు. బండిని మాత్రం మళ్ళీ విప్పించాను. బుష్షులు మార్చాం, బాల్ జాయింట్లు మార్చాం, వీల్ అలైన్‌మెంట్ చేయించాం. అలైన్‌మెంట్ అంటే చక్రాలన్నీ ఒకే మాట మీద ఉన్నాయో లేదో కొలిచి సరిచేయడం. నేనూ మాబూ అదే బండిలో కల్లూరు దాటి వెల్దుర్తి దాకా పోయి వచ్చాం. ఎక్కడా వెంట్రుకవాసి లాగలేదు. వెల్దుర్తిలో టీ తాగుతూ మాబు, రోడ్డు ఈ వారంలోనే బాగుచేసినట్టున్నారని అన్నాడు. రోడ్డు మీద తట్టెడు మన్ను పడిన జాడ కూడా లేదు.

బండి మూడోసారి వచ్చింది. టైర్లు అటువి ఇటు వేశాం, షాక్ అబ్సార్బర్లు మార్చాం. అప్పటికి వర్క్‌షాపులో అందరూ వైద్యులయ్యారు. స్టోరు గుమాస్తా పవర్ స్టీరింగు పంపు అన్నాడు. టీ తెచ్చే ఆయన దిష్టి అన్నాడు. ఆ పూట వాళ్ళిద్దరి మాటకూ నా మాటకూ విలువ సమానమే. వెళ్ళేముందు శెట్టిగారు నన్ను పక్కకు పిలిచి, కల్లూరులో గాని ఎవరైనా బండికి ఏమైనా చేసి ఉంటారా అని గొంతు తగ్గించి అడిగారు.

ఇక్కడ ఆ డీలరు గారి, అంటే మా ప్రొప్రైటరు గారి గురించి చెప్పాలి. ఒకే ఫిర్యాదు మీద బండి తిరిగి వస్తే, బండ్లు తయారుచేసే కంపెనీవాళ్ళు దాన్ని రిపీట్ కంప్లయింట్ అంటారు. అది డీలరుకు మచ్చ. ఆయన నన్నూ మాబునూ గదిలోకి పిలిచి, నాలుగోసారి ఆ బండి గేటు దగ్గర కనబడితే మాబును స్టీరింగు బే నుంచి తీసి వాషింగ్ ర్యాంపుకు వేస్తానని చెప్పారు. గేటు పక్కన, బోరు దగ్గర ఉండేది ఆ ర్యాంపు. కొత్తగా చేరినవాళ్ళు పైపు పట్టుకుని బండ్లు కడిగే చోటు. అంతటి మెకానిక్కును అక్కడ నిలబెట్టడమంటే వంటమాస్టరును అంట్లు తోమడానికి కూర్చోబెట్టినట్టే.

బయటికొచ్చాక మాబు తన మూలకు పోయి ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. తర్వాత, “ఆ పైపు నేను పట్టుకోను సార్. ఇంటికి పోతా” అన్నాడు. అతను ఊరికే అనే మనిషి కాదు. పోతే మాత్రం ఆ పని చేసే చేతులు కర్నూలంతా వెతికినా నాకు దొరకవు. నాకు బాధ కలిగింది, అంతకంటే కోపం వచ్చింది. ఒక బండి మమ్మల్నందరినీ కల్లూరు దగ్గర నిలబెట్టి ఆడిస్తోంది.

కొద్దిరోజులకు శెట్టిగారి ఫోను రానే వచ్చింది. నేను బండి పంపవద్దని చెప్పాను. గేటు దగ్గర కనబడితే కదా నాలుగోసారి? మర్నాడు ఉదయం నేనూ మాబూ బస్సెక్కి బేతంచెర్ల పోయాం. రోగి రాకపోతే వైద్యుడే పోవాలి. బస్సులో మాబు ఇద్దరు కూర్చునే సీటులో ఒక్కడే సరిపోయాడు, నేను వెనక సీటులో ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను.

శెట్టిగారు మర్యాద తెలిసిన మనిషి. మమ్మల్ని చూడగానే బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టించారు. తింటుండగానే షెడ్డులోంచి బండి బయటికి తెప్పించారు. మాబు పళ్ళెం దించి స్టీరింగు పట్టాడు, నేను పక్కన కూర్చున్నాను. వీధి మలుపు తిరిగి ఫ్యాక్టరీల దారి పట్టామో లేదో బండి మెల్లగా, తెలిసిన ఇంటికి పోతున్నట్టుగా, కుడికి జరిగింది. మాబు సరిచేశాడు. మళ్ళీ జరిగింది. బ్రేకు వేస్తే ఇంకాస్త జోరుగా పోయింది. మాబు ముఖం నల్లబడింది. మూడుసార్లు తన చేతులతో బాగుచేసిన బండి తన చేతుల్లోనే లాగుతోంది. “యా అల్లా, ఈడ కల్లూరు కూడా లేదు గద సార్” అన్నాడు నీరసంగా.

బండి ఆపించి దిగాను. లాగే బండిని లోపల కూర్చుని చూస్తే ఒకటి తెలుస్తుంది, వెనక నిలబడి చూస్తే ఇంకొకటి తెలుస్తుంది. వెనక కుడి మూల నాలుగు వేళ్ళు కిందికి దిగి ఉంది. వర్క్‌షాపులో ఆ బండి ఎప్పుడూ అట్లా నిలబడలేదు. వెనక తలుపు తీసి, కుడిపక్క రబ్బరు మ్యాట్ ఎత్తాను. కింద పసుపు గుడ్డ. గుడ్డ విప్పితే పాలిష్ పట్టిన నాపరాళ్ళు, ఒకదానిమీద ఒకటి, అంచులు చక్కగా కలిపి పేర్చినవి. పైదానికి పసుపూ కుంకుమా. ఒక బస్తా బియ్యం కంటే ఎక్కువే బరువుంటాయి.

జరిగింది ఇది. వెనక ఒక మూల అంత బరువుంటే ఆ మూల కుంగుతుంది. దానికి ఎదురుగా, మూలకు మూలగా ఉన్న ముందటి ఎడమ చక్రం మీద బరువు తగ్గుతుంది. ఎడమ చక్రం పట్టు తప్పితే కుడి చక్రం మాట చెల్లుతుంది. డ్రైవరు కూర్చునేదీ ఆ పక్కే. స్టీరింగుకు ఈ పాపంలో భాగమే లేదు.

బండిని వెనక్కి తెచ్చి, ఆ రాళ్ళేమిటని శెట్టిగారిని అడిగాను. ఆయన కాస్త ఇబ్బందిపడి, అటూ ఇటూ చూసి చెప్పారు.

“నైరుతి సార్. ఇంటికి నైరుతి మూల బరువుండాల అంటారు గదా. మరి బండి మాత్రం ఇల్లు గాదా? నేను ఇంట్లో కంటే దాంట్లోనే ఎక్కువసేపు ఉంటాండా. షెడ్డులో బండి తూర్పు ముఖంగా ఉంటాది. నైరుతి అంటే వెనక కుడి. రాళ్ళు పెట్టినాక ఫ్యాక్టరీకి కలిసొచ్చె.”

“బండి లాగడం కూడా అవి పెట్టినాకనే కదా?”

“మంచికి పెట్టిన రాయి చెడ్డ ఎట్ల చేస్తాది సార్?” అన్నారాయన, నిజంగా ఆశ్చర్యపోతూ.

మరి వర్క్‌షాపుకు వచ్చినప్పుడు ఆ రాళ్ళు ఏమయ్యేవి? యేసురత్నాన్ని అడిగాను. అతను మా గేటు దగ్గరి బోర్డు మీది రాతను అప్పజెప్పాడు. బండి అప్పగించేటప్పుడు సొంత వస్తువులు తీసివేయవలెను, పోయినచో యాజమాన్యం బాధ్యత వహించదు అని కంపెనీవాళ్ళు రాయించిన బోర్డది. “అందుకే కల్లూరులో మా శెట్టిగారి బామ్మర్ది అంగట్లో దించి వస్తాండా సార్. పోయేటప్పుడు మళ్ళీ ఎక్కించుకుంటా.” ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, “బయటోళ్ళకు చెప్తే దిష్టి అన్నారు. నాకూ మంచిదేలే అనుకొంటి. నైరుతి రాళ్ళు మోస్తాండానని మా పాస్టరుకు తెలిస్తే ఆదివారం నన్నే నిలబెట్టి ప్రార్థన చేస్తాడు” అన్నాడు.

మాబు ఒక్క క్షణం అందరి ముఖాలూ చూశాడు. తర్వాత బానెట్ మీద అరచేత్తో చరిచి, “చూస్తిరా సార్! నేను మొదటినుంచీ చెప్తాండా, తప్పు కల్లూరులోనే ఉండాదని!” అన్నాడు. 

జబ్బు దొరికింది గానీ రోగి మందు ఒప్పుకోడు. రాళ్ళు తీయనని శెట్టిగారు మొండికేశారు. వాదించి లాభం లేదనిపించి, పళ్ళెంలో మిగిలిన ఒక బజ్జీని ఆయన ముందు పెట్టి, దాన్ని బండి అనుకోమన్నాను. వెనక కుడి మూల చిన్న ఉల్లిపాయ ముక్క గుచ్చాను, అది రాయి. బజ్జీ తూర్పుకు చూస్తుంటే రాయి నైరుతిలోనే ఉంది, సరే. ఇప్పుడు వెల్దుర్తికి బయల్దేరాం, పడమరకు పోతాం. బజ్జీని తిప్పాను. “ఇప్పుడు రాయి ఏ మూల ఉంది శెట్టిగారూ?”

ఆయన వంగి చూశారు.  “ఈశాన్యం...”

ఈశాన్యంలో బరువంటే వాస్తు తెలిసినవాళ్ళు ఉలిక్కిపడతారు. వెల్దుర్తిలో తిరిగి ఉత్తరంగా కర్నూలు దారి పడితే రాయి ఆగ్నేయంలో. తిరుగు ప్రయాణంలో దక్షిణానికి వస్తుంటే వాయవ్యంలో. ఆ దారిలో నైరుతి మూల ఉండేది డ్రైవరు. శెట్టిగారు తలెత్తి యేసురత్నం పీల శరీరాన్ని అసంతృప్తిగా చూశారు. యేసురత్నం రెండడుగులు వెనక్కి వేసి, “నేనింతే తింటా సార్” అన్నాడు.

వెంటనే ఊళ్ళో వాస్తు చూసే సిద్ధాంతి గారికి కబురు పోయింది. ఆయన స్కూటరు మీద వచ్చి, బజ్జీని చూసి, విషయం విని, వేళ్ళ మీద లెక్కలు కట్టారు. కదిలేదానికి వాస్తు లేదంటే శెట్టిగారి నమ్మకం పోతుంది, ఉందంటే రాళ్ళు మలుపు మలుపుకూ మార్చాలి. కడకు, వాస్తు బండికి కాదు, బండి నిలిచే చోటికి అన్నారు. రాళ్ళు షెడ్డులో నైరుతి మూల నేల మీద ఉంటే చాలునన్నారు. నా సర్వీసులో ఇంత చక్కని నిర్ణయం ఏ ఇంజినీరూ ఇవ్వలేదు. శెట్టిగారు స్వయంగా రాళ్ళు దింపించి, షెడ్డు మూలన పెట్టి దణ్ణం పెట్టారు.

మాబు బండి కిందికి దూరాడు. మోసి మోసి కుడి కమాన్ కట్టలో ఒక పట్టీ చిట్లి ఉంది. పల్లెటూరి రోడ్ల మీద అది పూర్తిగా విరిగి ఉంటే బండి బోల్తా పడేది. బండిని కర్నూలుకు తెచ్చి కట్ట మార్చాల్సిందే. అంటే నాలుగోసారి గేటు దగ్గర కనబడాల్సిందే.

మా ప్రొప్రైటరుకు మొత్తం వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నారు, నవ్వారు కూడా. చివరికి, “కారణం ఏందైతే ఏమప్పా, బండి నాలుగు తూర్లు వచ్చె గదా. అన్న మాట అన్నట్టే” అన్నారు. సోమవారం నుంచి మాబు ర్యాంపుకు. నేను ఎంత చెప్పినా వినలేదు. అయితే నైరుతి సంగతి మాత్రం ఆయన మనసులో పడింది. శెట్టిగారి ఫ్యాక్టరీకి కలిసొచ్చిందన్న ముక్క ఆయన రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు. శనివారం చూస్తే ఆ సిద్ధాంతి గారే దిక్సూచి పట్టుకుని మా వర్క్‌షాపులో తిరుగుతున్నారు.

నేనూ వెంట తిరిగాను. గేటు పక్కన ర్యాంపు, బోరు ఈశాన్యంలో ఉన్నాయి, నీళ్ళు ఉండాల్సిన చోటే ఉన్నాయని ఆయన సంతోషించారు. వెనక గోడ మూల నైరుతి. అక్కడ బరువుండాలి, అక్కడి బరువు కదలకూడదు అన్నారు. ఆ మూల ముక్కాలిపీట మీద మాబు కూర్చుని, సర్దుకున్న తన స్పానర్లను తుడుస్తున్నాడు.

నేను వీలైనంత వినయంగా అడిగాను. “సిద్ధాంతి గారూ, చిన్న సందేహం. నైరుతిలో ఉన్న ఒక భారీ వస్తువును తీసి ఈశాన్యంలో పెడితే ఏమవుతుంది?”

“యజమానికి అరిష్టం” అన్నారాయన, క్షణం ఆలోచించకుండా.

ప్రొప్రైటరు గారు మాబును ఎగాదిగా చూశారు. ముక్కాలిపీట సమయానికి మూలిగింది. ఆయన నా వైపు చూశారు, నేను బోరు వైపు చూశాను. సోమవారం వాషింగ్ ర్యాంపుకు ఎవరూ బదిలీ కాలేదు. శెట్టిగారి బండికి కమాన్ కట్ట మార్చింది మాబే. కల్లూరు దాటి బేతంచెర్ల షెడ్డు దాకా అది తిన్నగా పోయింది.

బోర్డు కింద నేను ఒక వాక్యం చేర్పించాను, బండిలో రోజూ ఉండే బరువును తీయకుండా తీసుకురావలెనని. మరుసటి వారమే కోసిగి నుంచి జీపు కుంగుతోందంటూ ఒక మేస్త్రీ అందులోనే తన కూలీలనూ వంటపాత్రలనూ ఎక్కించుకుని వచ్చాడు. దిగమంటే, “మీరే గదప్పా రాసింది” అన్నాడు. అతను చేసింది సరైన పనే. జీపు కుంగడానికి కారణం ఐదు నిమిషాల్లో తెలిసింది.

ఆ ఉదంతం నాకు నేర్పినవి రెండు. బండి ఖాళీగా వచ్చి చెప్పే సాక్ష్యం నమ్మకూడదు. ఎవరైనా లాగుతోందంటే, దారిలో ఏం దించి వచ్చారని ముందు అడగాలి. రెండోది, సరైన కారణం చూపిస్తే బండి బాగవుతుంది, మనిషి ఉద్యోగం నిలవాలంటే మాత్రం యజమాని నమ్మే కారణం చూపించాలి. నేను రిటైరయ్యే రోజుకు కూడా మాబు ఆ మూలనే ఉన్నాడు. మధ్యలో ఒకసారి డాక్టరు బరువు తగ్గమన్నాడని సెలవు చీటీ తెస్తే, ప్రొప్రైటరు గారు ఇంకో డాక్టరుకు చూపించుకోమన్నారు.